నాది కాని ఇనపతీగ

పెద్రు జిరోని కోటు నిండా సారా వాసన. నోట్లో మాత్రం లేదు.

మార్షల్ బకీసియో దెలోగు, మల్లేనా అనే విధవ వంటింటి నేల మీద మోకాళ్ళూని, శవం పెదవులు రెండు వేళ్ళతో విడదీసి, మళ్ళీ ఒకసారి ముక్కు దగ్గరగా పెట్టి చూశాడు. ఉల్లిపాయ, గొర్రెపాల జున్ను. మనిషి తిన్న ఆఖరి తిండి అది. సారా ఒక్క చుక్క కూడా ఆ గొంతు దిగలేదు.

“ఏమిటి మార్షల్‌గారూ, ముద్దు పెట్టుకుంటున్నారా?”

గుమ్మంలో లెఫ్టినెంట్ బ్రందొలీన్ నిలబడి ఉన్నాడు. సుంకం దళానికి అధికారి. సముద్రం అవతల ఉత్తరాది నుంచి వచ్చి సాంతు ఇలారియు అనే ఈ కొండ ఊళ్ళో దిగి రెండేళ్ళు దాటింది. సుంకం కట్టకుండా ఇళ్ళల్లో సారా కాచేవాళ్ళని పట్టుకోవడం అతని పని. దొంగతనాలూ చావులూ బకీసియో పని. రెండు పనులూ ఒకే ఇంట్లో కలిసినప్పుడల్లా వాళ్ళిద్దరికీ పడేది కాదు.

“మీరూ ఒకసారి వాసన చూడండి లెఫ్టినెంట్.”

“నాకు జలుబు.” బ్రందొలీన్ రుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. “అయినా చూడ్డానికేముంది? ముసలాడు ఈ ఇంట్లో తాగాడు. మల్లేనా కాచిన సరుకు మంచిది కాదు. తలకెక్కింది, తూలి గుమ్మం రాళ్ళ మీద పడ్డాడు, బుర్ర పగిలింది. అటక మీద రాగి గొట్టం దొరికింది నాకు. పైగా ముసలాడే పోతూ పోతూ చెప్పాడు, ‘ఇనపతీగ, నాది కాదు’ అని. ఆ మాట విన్నది ఎవరు? ఆవిడే. చెప్పింది ఎవరు? ఆవిడే. నాది కాదంటే ఎవరిదన్నట్టు? ఇంత తేలిక కేసు నాకు ఈ ఊళ్ళో ఎప్పుడూ తగల్లేదు.”

ఫిలు ఎ ఫెర్రు, అంటే ఇనపతీగ. సుంకం దళం నాటుసారాకి వాడే పేరు అదే. సుంకం వేసిన కొత్తలో జనం సారా కూజాల్ని ద్రాక్షతోటల్లో పాతిపెట్టి, మళ్ళీ వెతుక్కోవడానికి వీలుగా కూజా మెడకి ఒక ఇనపతీగ కట్టి, దాని కొస మాత్రం జానెడు పైకి కనిపించేలా వదిలేవాళ్ళు. గార్డులు తీగ కనిపించిన చోటల్లా తవ్వారు. తవ్విన చోటల్లా సారా బయటపడింది. పోనుపోను వాళ్ళ నోట తీగ పేరే సారా పేరైంది.

బకీసియో శవాన్ని పక్కకి ఒత్తిగిల్లేలా తిప్పాడు. దెబ్బ తల వెనక, చెవి పైన ఉంది. లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి, లెఫ్టినెంట్‌ని పక్కకి జరగమని చేత్తో సైగ చేసి, మెట్లు చూశాడు. నల్లరాతి మెట్లు. అరచేతుల్లో పట్టేంత మరకలు రెండు ఉన్నాయి తప్ప రక్తం లేదు. అవి కూడా పాకుతూ వచ్చిన మనిషి చేతుల గుర్తులు.

“ఇక్కడ పడి బుర్ర పగిలితే ఇక్కడ రక్తం ఉండాలి కదా?”

“మంచు కురిసింది. కడుక్కుపోయి ఉంటుంది.”

“చేతి మరకలు వదిలేసి తక్కినవి మాత్రమే కడిగిందా మంచు? తెలివైన మంచే.” బకీసియో తిరిగొచ్చి శవం కుడిచెయ్యి పైకెత్తి చూపించాడు. “గోళ్ళలో ఎర్రమట్టి. మోకాళ్ళ మీదా అదే. ఈ వీధి నించి చర్చి దాకా నల్లరాయి తప్ప మట్టి లేదు. ఎర్రమట్టి ఉన్నది పైన తోటల్లో. తల వెనక పగలగొట్టుకున్నవాడు కోటు ముందువైపు అంతా సారాతో తడుపుకుని, నోట్లో మాత్రం పోసుకోకుండా కొండ మీంచి పాకుతూ వచ్చాడు. మీ తేలిక కేసు ఇది.”

బ్రందొలీన్ ముఖం బిగుసుకుంది. “మధ్యాహ్నం గంట కొట్టగానే మల్లేనాని ఒరిస్తానో జైలుకి బండెక్కిస్తున్నాను. సారా కాచడం నా కేసు. చావు సంగతి మీకేమైనా అనుమానాలుంటే జడ్జీగారు కూడా ఒరిస్తానోలోనే ఉంటారు. వెళ్ళి ఆయనకి వాసన చూపించండి.”

అతను వెళ్ళాక బకీసియో మళ్ళీ కోటు మీదికి వంగాడు. సారా వాసన కింద ఇంకో వాసన ఉంది. తియ్యగా, పెళ్ళివిందు అయ్యాక నములుతారే, అలాంటిది. సోంపు.

మల్లేనాని సుంకం దళం ఠాణాలో, పట్టుకున్న సరుకు దాచే కొట్లో పెట్టారు. ఉప్పు బస్తా మీద, నల్ల శాలువా తల మీదుగా కప్పుకుని కూర్చుంది. అరవై దగ్గర పడిన మనిషి. భర్త పోయాక తోట ఒంటి చేత్తో చేసుకుంటోంది. బకీసియోని చూసి లేవలేదు.

“మల్లేనత్తా, జరిగింది మొదట్నించీ చెప్పు.”

“మొదట్నించా? మొదట దేవుడు వెలుగు చేశాడు. తర్వాత వీళ్ళని చేశాడు. అక్కడే చెయ్యి జారింది.” గుమ్మం దగ్గర కాపలా ఉన్న గార్డు వైపు గడ్డంతో చూపించింది.

“నిన్న సాయంత్రం నించి చాలు.”

“సాయంత్రం గంట కొట్టారు. పొయ్యి మీద చిక్కుడుగింజలు ఉడుకుతున్నాయి. తలుపు మీద ఏదో గోకినట్టయింది. కుక్కేమో అనుకుని కర్ర పట్టుకుని తీశాను. పెద్రు. చేతుల మీదా మోకాళ్ళ మీదా ఉన్నాడు. మనిషి ఒంట్లోంచి సారా కంపు. నా ఎరికలో ఆ మనిషి పండక్కి తప్ప తాగడు. లోపలికి లాక్కున్నాను. తల ఒళ్ళో పెట్టుకున్నాను. ‘ఇనపతీగ’ అన్నాడు. ‘నాది కాదు’ అన్నాడు.”

“ఇంకా?”

మల్లేనా శాలువా అంచు సవరించుకుంది. “నీళ్ళడిగాడు. తెచ్చేలోపు పోయాడు.”

“ఇంకేమీ అనలేదా?”

“నీళ్ళడిగాడన్నాను కదా.”

బకీసియో ఇంకో బస్తా లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. “అటక మీద గొట్టం దొరికిందిట. నువ్వు కాచే సరుకుని ఏ పేరుతో పిలుస్తావు?”

“నేనేదో కాస్తానని ఎవడన్నాడు? అది మా అత్తగారి గొట్టం. జ్ఞాపకార్థం పెట్టుకున్నా.”

“సరే, నువ్వు కాదులే. ఊళ్ళో కాచేవాళ్ళు ఏమంటారు?”

“మంటనీళ్ళంటారు. ఇంకేమంటారు?” తమ భాషలో అబ్బర్దెంతె అన్న ఆ మాటని ఆవిడ మెల్లగా, నోరు నిండేలా పలికింది. “మా అమ్మ అదే అంది, వాళ్ళమ్మా అదే అంది. మీ అమ్మ వేరే ఏమన్నా అనేదా?”

“మా అమ్మా అదే అనేది.” బకీసియోది పక్క లోయలో ఊరు. “ఇనపతీగ అనరా మరి?”

“అది సుంకం టోపీలవాళ్ళ మాట నాయనా. వాళ్ళకి తీగ కనిపిస్తే సారా కనిపించినట్టు. మాకు తీగ అంటే తీగే. వేలి చుట్టూ చుడితే గుచ్చుకుంటుందే, అది.”

చావుబతుకుల్లో ఉన్న మనిషి, తెలిసిన గుమ్మంలో, తెలిసిన ఆడమనిషి ఒళ్ళో, టోపీలవాళ్ళ మాట ఎందుకు వాడతాడు? సారా గురించి చెప్పాలంటే మంటనీళ్ళు అనేవాడు. పెద్రు చెప్పింది సారా సంగతి కాదు. తీగ సంగతి.

“ఆయన తీగ ఎలా ఉంటుంది అత్తా?”

ఆవిడ ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. “ఎవరి తీగ కొసకి వాళ్ళు ఒక మెలిక పెట్టుకుంటారు, ఒకరిది ఒకరు తవ్వుకోకుండా. పెద్రుది పొట్టేలు కొమ్ము. చుట్టలు చుట్టి పైకి వదులుతాడు. ఎడమ చేతివాటం మనిషి కదా, చుట్ట కూడా ఎడమకే తిరుగుతుంది. నీ పొట్టేలుకి మెడ పట్టేసిందయ్యా అని నవ్వేదాన్ని.”

“నీకెలా తెలుసు?”

“పక్క తోట నాది. కళ్ళు రెండూ పనిచేస్తాయి.” మళ్ళీ ముఖం మూసుకుపోయింది. “ఇంకేమన్నా అడుగుతావా? ఆ మనిషిని నేల మీద వదిలేసి వచ్చాను. స్నానం చేయించాలి. ఆయనకి ఎవరూ లేరు.”

“ఒక్కటి. మంటనీళ్ళలో సోంపు వేస్తావా?”

“సోంపా!” ఆవిడ నిజంగానే కోపం తెచ్చుకుంది. “మాడగొట్టి కాచినవాడు వేస్తాడు సోంపు, కంపు తెలియకుండా. ఈ ఊళ్ళో అంత చేతకానివాళ్ళెవరూ లేరు.”

ఠాణా బయట నీళ్ళ తొట్టి దగ్గర ఒకడు జత ఎద్దులకి నీళ్ళు తాగిస్తున్నాడు. నలభై ఏళ్ళవాడు, కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. మల్లేనా భర్త తమ్ముడు, గంతీనె. బకీసియోని చూసి టోపీ తీశాడు.

“మా వదినని వదిలేస్తారా మార్షల్‌గారూ?”

“అది లెఫ్టినెంట్‌గారి చేతుల్లో ఉంది. నిన్న పెద్రు మామని చూశావా నువ్వు?”

“చూశానండీ. పొద్దు వాలుతుండగా. తోటల దారిలో ఎదురయ్యాడు. తూలుతున్నాడు. దగ్గరికొస్తే గుప్పున ఇనపతీగ కంపు. ఎక్కడ తాగావు మామా అంటే నవ్వాడు. మా వదినే పోసి ఉంటుంది. మంచి మనసుతోనే పోసి ఉంటుంది లెండి. ఆవిడకేం తెలుసు, అంత పని అవుతుందని.”

“పైకి వెళ్తున్నాడా, కిందికి వస్తున్నాడా?”

“పైకే. తోటకి.”

“చేతిలో ఏముంది?”

“ఏముందండీ, ఏం లేదు.” గంతీనె ఎద్దు మెడ నిమిరాడు. “నాకు ఒరిస్తానోలో పనుంది. వెళ్ళొచ్చా?”

బకీసియో తలూపాడు. ఆ మనిషి చెప్పినదాంట్లో ఏదో మాట చెవిలో ముల్లులా దిగి ఆగిపోయింది. ఏ మాటో అప్పటికప్పుడు దొరకలేదు. అదీకాక పెద్రు తాగలేదని తనకి తెలుసు. పొరపాటు పడ్డాడా, అబద్ధం ఆడాడా? అడిగి తేల్చుకోవచ్చు. కానీ తోట ముందు చూడాలి, అక్కడ ఏమున్నా ఎవరో ఒకరు తీసేసేలోపు.

పెద్రు తోట కొండ వాలులో, రాళ్ళగోడ వెనక ఉంది. కోతలు ఎప్పుడో అయిపోయాయి. ద్రాక్షతీగలకి ఆకులు రాలిపోయి నేల కనిపిస్తోంది. ఎర్రమట్టి. బకీసియో గేటు దగ్గరే గుర్రాన్ని కట్టేసి, వెంట వచ్చిన కానిస్టేబుల్ కొర్రియాస్‌ని లోపల అడుగు పెట్టొద్దన్నాడు. కొర్రియాస్ లావుపాటి మనిషి. ఎక్కడైనా ఆగమంటే వెంటనే ఒప్పుకునేవాడు.

గోడ వారగా రెండు జతల అడుగులు ఉన్నాయి. ఒకటి మేకుల బూటు, కుంటుతూ, ఎడమకాలు లోతుగా పడింది. అది పెద్రుది, శవం కాళ్ళకి ఉన్నది అదే బూటు. లోపలికి వెళ్ళేటప్పుడు ఆ అడుగులు తిన్నగా ఉన్నాయి. తూలిన మనిషి అడుగులు కావవి. రెండో జత మెత్తటి అడుగుల తోలు చెప్పులు, మొదట ముందుకి, తర్వాత పరుగు. గోడ మీద ఒక రాయి అంచున రక్తం ఎండిపోయి నల్లగా ఉంది. దాని పక్కన మట్టి తడి ఆరలేదు. వంగి చూస్తే సోంపు వాసన. అక్కణ్ణించి గేటు దాకా, ఈడ్చుకుంటూ పాకిన చాలు.

“ఇక్కడ పడేశాడు” అన్నాడు బకీసియో తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. “కోటు మీద సారా ఒలకబోశాడు. చచ్చాడనుకుని పోయాడు.”

తీగ దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. మూల వరసలో, పాత మొద్దు పక్కన, జానెడు కొస పైకి లేచి ఉంది. తుప్పు పట్టని కొత్త తీగ. కొసకి పొట్టేలు కొమ్ములా చుట్ట. బకీసియో చుట్టని వేలితో అనుసరించాడు. కుడికి తిరిగింది. అంతా సరిగ్గానే చేశాడు చేసినవాడు, చెయ్యి ఒక్కటి తప్ప.

కొర్రియాస్ తవ్వాడు. మోచెయ్యంత లోతులో గడ్డిలో చుట్టిన గాజు కూజా తగిలింది. బిరడా తీయగానే సోంపు గుప్పుమంది. పక్కన మట్టి ఇంకా గుల్లగా, నిన్ననే తవ్వినట్టుంది.

“ముట్టుకోకండి!”

బ్రందొలీన్ గుర్రం మీంచే అరిచాడు. దిగి, గోడ దాటి, అడుగుల గుర్తుల్ని తొక్కుకుంటూ వచ్చాడు. “ఆ కూజా సర్కారుది. నేను పట్టుకోవాల్సిన సరుకుని మీరెలా తవ్వుతారు? పై అధికారులకి రాస్తాను.”

“రాయండి. ముందు ఒకటి చెప్పండి. ఇది మీరు పట్టుకోవాల్సిన సరుకని మీకెలా తెలుసు?”

బ్రందొలీన్ ఆగిపోయాడు.

“నేను ఇక్కడికి కూజా కోసం రాలేదు లెఫ్టినెంట్. తీగ కోసం వచ్చాను. పెద్రు తోటలో సారా ఉందని మీకు ఎవరు చెప్పారు? ఎప్పుడు?”

“నా మనుషులు నాకుంటారు.”

“ఎప్పుడు అనడిగాను.”

“నిన్న మధ్యాహ్నం. ఇవాళ పొద్దున్నే తోట సోదా చెయ్యాలనుకున్నాం. ఇంతలో ముసలాడి చావు కబురొచ్చింది. అయితే ఏంటి?”

“నిన్న మధ్యాహ్నం మీకు కబురు చెప్పాడు. కూజా పాతింది నిన్న సాయంత్రం. మట్టి చూడండి. ముందు ఉందని చెప్పి తర్వాత తెచ్చి పాతాడు. పాతుతుండగా పెద్రు వచ్చాడు. తన తోటలో, తన గుర్తుతో, తనది కాని తీగ. ఎడమ చేతివాటం మనిషి ఎప్పుడూ చుట్టని చుట్ట. ఈ ఏడాది మీరు జైలుకి పంపినవాళ్ళు ఆ కూజాలు మావి కావని మొత్తుకున్నారు కదా? నాకూ చెప్పుకున్నారు. నేనూ నమ్మలేదు.”

లెఫ్టినెంట్ కూజా వైపు చూశాడు. వంగి బిరడా దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చాడు. ఏమీ తెలియలేదు. ఆ ముఖం చూసి కొర్రియాస్ అటు తిరిగి దగ్గాడు.

“సోంపు” అన్నాడు బకీసియో. “ఈ ఊళ్ళో ఎవరూ వెయ్యరు. ఎక్కడో చవకగా కొనుక్కొచ్చి ఇక్కడ పాతుతున్నాడు. మీరు పట్టుకున్న కూజాలన్నీ కొట్లో ఉన్నాయి కదా, జలుబు లేనివాణ్ణి పంపి వాసన చూపించండి. ఇప్పుడు వాడి పేరు చెప్పండి.”

“చెప్పను. మాటిచ్చాను. రేపు ఇంకెవడూ నా దగ్గరికి రాడు.”

“ఒక మనిషి చచ్చిపోయాడయ్యా!”

“అందుకే చెప్పను. పేరు బయటపడితే ఊరు వాణ్ణి చంపేస్తుంది. అప్పుడు రెండు చావులు.” అతని గొంతులో పొగరు లేదిప్పుడు. నిజంగానే ఆలోచించి చెప్పిన మాట అది.

బకీసియో తీగని మట్టిలోంచి లాగి చేతికి చుట్టుకున్నాడు. గోరు పక్కన గుచ్చుకుంది. అప్పుడు, నీళ్ళ తొట్టి దగ్గర చెవిలో దిగిన ముల్లు ఏమిటో తెలిసింది.

“మీ గార్డులు సారాని ఏమంటారు లెఫ్టినెంట్?”

“ఇనపతీగ అంటారు. అందరూ అదే అంటారు.”

“అనరు. ఊళ్ళోవాళ్ళు మీ దగ్గర మాత్రమే అంటారు. వాళ్ళలో వాళ్ళు ఒక్కరూ అనరు. ఇక్కడ పుట్టి, ఇక్కడ పెరిగి, ఆ మాట అలవాటుగా నోట్లోంచి జారిందంటే వాడు రోజూ మాట్లాడేది మీతో. ఇవాళ పొద్దున ఒకడు నాతో అన్నాడు, పెద్రు మీద ఇనపతీగ కంపు కొట్టిందని. ఎద్దులకి నీళ్ళు పెడుతూ అన్నాడు.”

బ్రందొలీన్ చేతిలోంచి రుమాలు జారి మట్టిలో పడింది.

“గంతీనె” అన్నాడు బకీసియో.

“రెండేళ్ళ కిందట వాడింట్లో బట్టీ దొరికింది” అన్నాడు లెఫ్టినెంట్, నేల చూస్తూ. “కాళ్ళు పట్టుకున్నాడు. కేసు పెట్టలేదు. బదులుగా కబుర్లు తెమ్మన్నాను. మొదట్లో తెచ్చాడు. తర్వాత తగ్గిపోయాయి. తేకపోతే పాత కేసు తిరగతోడతానన్నాను.” బూటు కొసతో మట్టి కెలికాడు. “నిజంగా తోడేవాణ్ణి కాదు.”

“అది వాడికి తెలియదుగా. తేవడానికి ఏమీ లేనప్పుడు తనే పాతాడు.” బకీసియో గేటు వైపు నడుస్తూ అన్నాడు. “ఒరిస్తానోలో పనుందన్నాడు. ఏం పని?”

బకీసియో వెనక్కి తిరిగాడు. లెఫ్టినెంట్ ముఖం పాలిపోయింది.

“బండి వాడిదే” అన్నాడు బ్రందొలీన్. “మల్లేనాని తీసుకెళ్ళే బండి. నా వదినని నేనే జాగ్రత్తగా తీసుకెళ్తానని అడిగాడు. సరేనన్నాను.”

కింద చర్చి గంట ఎప్పుడో మోగి ఆగిపోయిందని అప్పుడు ఇద్దరికీ గుర్తొచ్చింది.

దారి వెంట వెళ్తే బండిని అందుకోలేరు. బకీసియో గుర్రాన్ని గొర్రెల బాట మీదికి దించాడు. వెనకాల లెఫ్టినెంట్ గుర్రం రాళ్ళు దొర్లించుకుంటూ వస్తోంది. పెద్రు పోయేముందు తన పేరు చెప్పాడేమోనన్న భయం గంతీనెకి ఉండి తీరాలి. విన్నది ఒక్క మనిషి. ఆ మనిషి ఇప్పుడు చేతులు కట్టేసి వాడి బండిలో ఉంది. బాట దిగి దారిలో కలిసే చోట పెద్ద మలుపు. ఒక పక్క కార్కు చెట్ల అడవి, ఇంకో పక్క లోయ. మనిషిని తోసెయ్యడానికి అంతకన్నా మంచి చోటు ఆ దారిలో లేదు.

బండి అక్కడే ఆగి ఉంది.

ఎద్దులు దారి పక్క గడ్డి పీకుతున్నాయి. కాపలా గార్డు బండిలో వెల్లకిలా పడి గురక పెడుతున్నాడు. మల్లేనా కిందికి దిగి, రాయి మీద కూర్చుని, మణికట్లు రుద్దుకుంటోంది. కోసేసిన తాడు కాళ్ళ దగ్గర ఉంది.

“గంతీనె ఏడీ?” బకీసియో గుర్రం ఆగకముందే దూకాడు.

ఆవిడ గడ్డంతో అడవి వైపు చూపించింది. బెరడు ఒలిచిన చెట్ల మొదళ్ళు ఎర్రగా ఉన్నాయి. మనిషి జాడ లేదు. “ఈ మహానుభావుడి తుపాకీ కూడా పట్టుకెళ్ళాడు. దారంతా తాగబోస్తూనే ఉన్నాడు ఇతనికి.”

“నిన్నేం చెయ్యలేదా?”

“ఇక్కడ బండి ఆపాడు. నా దగ్గరికొచ్చి, ‘వదినా, పెద్రు నా పేరు చెప్పాడా’ అన్నాడు. చెప్పాడన్నాను. ‘వీళ్ళకి చెప్పావా’ అన్నాడు. లేదన్నాను. లోయలోకి చూశాడు. నన్ను చూశాడు. తర్వాత ఆ చక్రం పట్టుకుని కూలబడి పసివాడిలా ఏడ్చాడు. నేను వాళ్ళింటికి కాపురానికొచ్చేసరికి వాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. తాడు కోసేసి పోయాడు.”

బకీసియో పొద్దుట్నించీ తిరిగిన తిరుగుడు, అడుగుల గుర్తులు, చుట్ట తిరిగిన వైపు, మాట తేడా, అన్నీ పట్టుకుని చేరుకున్న చోటికి ఈవిడ రాత్రే చేరింది. ఆ పేరు నోట్లో పెట్టుకుని ఉప్పు బస్తా మీద కూర్చుంది.

“నీకు ముందే తెలుసు.”

“తెలుసు.”

“జైలుకి పోయేదానివి.”

“పోయేదాన్ని.”

“ఎందుకత్తా? పెద్రు మామని చంపినవాడు!”

ఆవిడ లెఫ్టినెంట్ కోటు గుండీల వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. “పెద్రు కోసం రాత్రంతా ఏడ్చాను, నీకు చూపించాలా? కానీ ఊళ్ళో ఒకడు వీళ్ళకి పేర్లు చెప్పాడు. ఏమైందో చూశావుగా. రెండోదాన్ని నేనవనా?” శాలువా తల మీదికి లాక్కుంది. “ఇప్పుడు నీ అంతట నువ్వు కనుక్కున్నావు. నేను చెప్పినట్టు కాదు.”

బ్రందొలీన్ గుర్రం దిగి బండిలో గార్డుని కుదిపి చూశాడు. లేవలేదు. దారి మధ్యకొచ్చి నిలబడి, అడవి మొదలు నుంచి పైదాకా కళ్ళతో వెతికాడు. “పోయేముందు ఏమైనా అన్నాడా?”

“అన్నాడు. మీ గురించే.” మల్లేనా అతనితో నేరుగా మాట్లాడటం అదే మొదలు. “నన్ను కుక్కని చేసినవాడి సంగతి చూశాకే ఈ కొండ దిగుతానన్నాడు.”

“లెఫ్టినెంట్, బండి చాటుకి రండి” అన్నాడు బకీసియో.

మామూలుగా అయితే ఎదురు మాట వచ్చేది. రాలేదు. బ్రందొలీన్ ఒక్క అడుగు వేశాడు. తుపాకీ మోత లోయలో తిరిగి తిరిగి వినిపిస్తుండగానే అతను దుమ్ములో మోకాళ్ళ మీద ఉన్నాడు. భుజం దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది. ఏం జరిగిందో ఇంకా అర్థం కానట్టు చూస్తున్నాడు.

బకీసియో బండి చక్రం వెనక్కి దూకి పిస్తోలు తీశాడు. చెట్లలో పొగ పల్చగా లేస్తోంది. దగ్గరే. కానీ కాల్చడానికి మనిషి కనిపించడం లేదు.

మల్లేనా రాయి మీంచి లేచింది.

“అత్తా, కూర్చో! వంగు!”

ఆవిడ వినిపించుకోలేదు. నడిచి దారి మధ్యకి వెళ్ళింది. తెల్లవారుజామున తనని వంటింట్లోంచి ఈడ్చుకొచ్చిన మనిషికీ అడవికీ మధ్య నిలబడింది. శాలువా తల మీంచి తీసి, రెండు చేతులా వెడల్పుగా పట్టుకుంది. నెరిసిన జుట్టు గాలికి ముఖం మీద పడింది.

“గంతీనే!” అని కేక వేసింది. “చాలు ఇంక. పెద్రుకి స్నానం చేయించాలి, నేను ఇంటికి పోవాలి. నన్ను దాటి కాలుస్తావా?”

జవాబుగా చెట్లలోంచి ఇంకో తూటా ఎక్కించడానికి తుపాకీ బోల్టు వెనక్కి లాగిన చప్పుడు వచ్చింది. ఆవిడ చేతులు దించలేదు.